వేట విరామంలో భుజం టెండన్‌ని బాగుచేసుకోవడం ఎలా

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కదలవు. వల లాగి లాగి జబ్బ నొప్పి తెచ్చుకున్నవాళ్లకి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. అయితే చెయ్యి కదపకుండా కూర్చుంటే మాత్రం నష్టమే.

చేతిని పక్కనుంచి పైకి లేపడంలో సుప్రాస్పైనేటస్ కండరానిది పెద్ద పాత్ర. దాని చివర మోకులా బిగిసి ఎముకకి అతుక్కున్న భాగమే టెండన్. అందులో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు ఎక్కువ, వాటిని నిత్యం మరమ్మతు చేసే టీనోసైట్ కణాలు తక్కువ. భారం మితిమీరితే ఆ కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి, అంటే హాని చేసే ఆక్సిజన్ అణువుల పోగు, పెరుగుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ బయటికి కారి, ప్రొటీన్లని కోసే కాస్పేజ్ ఎంజైములు పనిలోకి దిగి, కణాన్ని లోపల్నుంచే ముక్కలు చేస్తాయి. దీన్ని అపోప్టోసిస్ అంటారు. ఇలా చనిపోయే కణం చుట్టూ వాపు పెద్దగా రాదు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు చిరిగిన సుప్రాస్పైనేటస్ అంచుని పరీక్షిస్తే నూటికి 34 కణాలు ఈ దశలో కనిపించాయి. పోలిక కోసం చూసిన, భుజం ముందువైపు ఉండే సబ్‌స్కాపులారిస్ కండరం టెండన్‌లో 13 మాత్రమే. కణాల చావు వల్ల టెండన్ పాడవుతోందా, పాడైనందుకు కణాలు చస్తున్నాయా అన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

తేలిన సంగతి ఒకటుంది. టెండన్‌కి లాగుడు పూర్తిగా తీసేసినా కణాలు చస్తాయని ప్రయోగశాలలో చూశారు. అందుకే రెండు నెలలు ఊరికే ఉండి, జూన్ 15న ఒక్కసారిగా వల పట్టడం అన్నిటికన్నా ప్రమాదం. కావలసింది కొలిచి ఇచ్చే భారం.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. పడిపోయిన తర్వాత చెయ్యి లేవకపోతే వ్యాయామం జోలికి పోకుండా విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలోనో మరోచోటో ఎముకల డాక్టరుకి చూపించి స్కానింగ్ చేయించుకోండి. మరొకరు పట్టి లేపినా చెయ్యి లేవట్లేదంటే అది ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కావచ్చు, షుగరున్నవాళ్లలో ఎక్కువ. దాని దారి వేరు. ఎడమ చెయ్యి లాగుతూ చెమటలు పట్టి గుండె బిగిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మొదటి రెండు వారాలు గోడ పక్కన నిలబడి, మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి, ముంజేతి వెనక వైపుని గోడకి ఆనించి బయటికి నెట్టండి. సగం బలం చాలు. 30 సెకన్ల చొప్పున 5 సార్లు, పూటకోసారి, రోజుకి రెండు పూటలు.

మూడో వారం నుంచి రోజు విడిచి రోజు థెరాబ్యాండ్, అంటే వ్యాయామానికి వాడే సాగే రబ్బరు పట్టీ. చుట్టిన తువ్వాలు మోచేతికీ డొక్కకీ మధ్య పెట్టి, ముంజేతిని బయటికి తిప్పండి. 15 చొప్పున 3 విడతలు. తువ్వాలు జారిపడిందంటే భుజం బదులు ఒళ్లంతా తిప్పుతున్నారన్నమాట.

ఆరో వారం నుంచి అర లీటరు నీళ్ల సీసా. బొటనవేలు పైకి ఉంచి, చేతిని పక్కకి కాకుండా కాస్త ముందుకి, భుజం ఎత్తు వరకే లేపండి. దించడానికి 4 సెకన్లు తీసుకోండి. అసలు ఫలితం దించడంలోనే ఉంది, చాలామంది అక్కడే చెయ్యి వదిలేస్తారు. భుజం చెవి దాకా లేస్తోందంటే బరువు ఎక్కువైనట్టే.

పదిలో మూడు వరకు నొప్పి ఫర్వాలేదు. మర్నాడు పొద్దుటికీ తగ్గకపోతే విడత ఒకటి తగ్గించండి.

స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది గానీ, టెండన్ కణాలకి అది కూడా హాని చేస్తుంది. నొప్పి తెలియని భుజంతో వల లాగితే చిరుగు పెద్దదవ్వొచ్చు. పొగ మానేయండి, షుగర్ అదుపులో పెట్టుకోండి.

తొమ్మిది వారాలకి టెండన్ పూర్తిగా కుదుటపడదు, కనీసం 12 వారాలు పడుతుంది. బోటు నడిపించే తండేలుతో ముందే మాట్లాడుకుని, మొదటి వేటల్లో సగం లాగుడే ఒప్పుకోండి. థెరాబ్యాండ్ వ్యాయామం వారానికి రెండుసార్లు బోటు మీద కూడా సాగించండి.