4ఏ-జీఈ ఇంజన్ ఏ తరానిదో గుర్తుపట్టడం ఎలా? మూత రంగు మాత్రం నమ్మకండి

టొయోటా కార్లలో వచ్చిన 4ఏ-జీఈ ఇంజన్ కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది "బ్లూ టాపా, రెడ్ టాపా?" అనే. అడగడంలో తప్పేం లేదు, కాకపోతే ఆ రంగు ఉండేది పైన మూత మీద, అంటే వాల్వ్ కవర్ మీద. నట్లు విప్పితే ఊడొచ్చేస్తుంది, ఇంకో ఇంజన్‌ది తెచ్చి బిగించొచ్చు, రంగు కూడా కొట్టుకోవచ్చు. ఒకసారి నేను ఎర్ర అక్షరాలు చూసి సంబరపడి ఇంజన్ తెచ్చుకుని, 42 మిల్లీమీటర్ల కనెక్టింగ్ రాడ్ బేరింగులు ఆర్డర్ పెట్టి, తీరా విప్పి చూస్తే క్రాంక్ జర్నల్, అంటే క్రాంక్ షాఫ్ట్ మీద ఆ రాడ్ పట్టుకునే గుండ్రటి భాగం, 40 ఉంది. మూత ఒకదానిది, బ్లాక్ (సిలిండర్లుండే కింది భాగం) ఇంకోదానిది!

ముందు అసలు అది జీఈనే అని తేల్చుకోండి. పేరులో జీ అంటే వాల్వుల మధ్య కోణం ఎక్కువున్న ట్విన్ క్యామ్ హెడ్ (బ్లాక్ పైన కూర్చునే, వాల్వుల్ని తెరిచే క్యాములు రెండున్న భాగం), ఈ అంటే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్. దీని తమ్ముడు లాంటి 4ఏ-ఎఫ్ఈకి కూడా రెండు క్యాములే, కానీ టైమింగ్ బెల్ట్ ఒక క్యామ్‌నే తిప్పుతుంది, రెండోది లోపల గేరుతో తిరుగుతుంది. జీఈలో బెల్ట్ రెండింటినీ తిప్పుతుంది కాబట్టి టైమింగ్ కవర్ పైభాగం తీస్తే రెండు పుల్లీలు కనబడాలి.

తర్వాత 16 వాల్వులా, 20 వాల్వులా? ఇది సులువు. సిలిండర్‌కి ఒకటి చొప్పున నాలుగు థ్రాటిల్ బాడీలు (లోపలికెళ్లే గాలిని అదుపు చేసే తలుపులు) వరసగా ఉంటే 20 వాల్వులది. ఒకటే ఉంటే, ఎవరూ మార్చకపోయుంటే, 16 వాల్వులది.

అసలు తిరకాసంతా 16 వాల్వుల దాంట్లోనే. టార్చి వేసుకుని బ్లాక్ గోడ మీద నిలువుగా ఉబ్బి ఉన్న గట్లు లెక్కపెట్టండి, ఒక పక్క కనబడకపోతే రెండో పక్క చూడండి. మూడే ఉంటే మొదటి తరం, 1983 నుంచి 1987 వరకు వచ్చింది, ఏఈ86 అనే టొయోటా కారులో ఉన్నది ఇదే, దీని మూత మీద నలుపు, నీలం అక్షరాలు. ఏడు ఉంటే 1987 తర్వాతది, లోపల రాడ్ బేరింగులు పెద్దవి. ఆ ఏడు గట్ల వాటిలో మళ్లీ రెండు రకాలున్నాయి, అక్కడ ఇన్‌టేక్ మేనిఫోల్డ్, అంటే సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టాల భాగం, చూడాలి. టీ-విస్ అని, ఆర్‌పీఎం తక్కువున్నప్పుడు ఒక్కో సిలిండర్‌కి రెండు దారుల్లో ఒకటి మూసేసే ఏర్పాటు ఉంటుంది. మేనిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య ఆ ప్లేటు, దాన్ని లాగే వాక్యూమ్ డయాఫ్రమ్ ఉంటే రెండో తరం, అక్షరాలు ఎరుపు, నలుపు. అవేవీ లేకుండా, పోర్టులు (హెడ్‌లోకి గాలి వెళ్లే రంధ్రాలు) చిన్నగా, అక్షరాలు ఎరుపు ఒక్కటే ఉంటే 1989లో వచ్చిన స్మాల్ పోర్ట్, కంప్రెషన్ 10.3. కొందరు టీ-విస్ పీకి పారేస్తారు, కాబట్టి వీలుంటే మేనిఫోల్డ్ తీయించి పోర్టు సైజు చూడండి.

గాలి కొలిచే సెన్సర్‌ని బట్టి 16 వాల్వుల తరం చెప్పేద్దామనుకోకండి, మొదటి తరంలోనే దేశాన్ని బట్టి అది మారింది. 20 వాల్వుల దాంట్లో మాత్రం అదే మంచి గుర్తు. 1991లో వచ్చిన సిల్వర్ టాప్‌కి ఎయిర్ ఫ్లో మీటర్, 1995 నాటి బ్లాక్ టాప్‌కి మ్యాప్ సెన్సర్ (మేనిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచేది). కంప్రెషన్ కూడా 10.5 నుంచి 11కి పెరిగింది, ప్రకటించిన పవర్ 160 నుంచి 165 పీఎస్‌కి. వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) వేరు కాబట్టి అవి కూడా ఇంజన్‌తో పాటే అడిగి తీసుకోండి.

బ్లాక్ ఒకటి, హెడ్ ఒకటి చెబుతున్నాయా? కంగారేం లేదు, కలిపి కట్టిన ఇంజన్లు చాలానే తిరుగుతున్నాయి. పిస్టన్లు, బేరింగులు బ్లాక్‌ని బట్టి, గాస్కెట్, మేనిఫోల్డ్ హెడ్‌ని బట్టి తెచ్చుకోండి, అది కూడా సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించి, క్రాంక్ జర్నల్ మైక్రోమీటర్‌తో కొలిచాకే.