ఎలుకకి ఆకలి తగ్గిందా, ఒంట్లో బాగోలేదా? మేత తూచే పద్ధతి

మందు పోశాక ఎలుక మేత తగ్గిస్తే చాలు, ఆకలి చచ్చిందని రాసేస్తుంటారు. కడుపులో తిప్పినా, మత్తుగా ఉన్నా, మందు పోసే గొట్టం గొంతులో గీరుకున్నా మేత తగ్గుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రాజెక్టు చేసే ఎం.ఫార్మసీ వాళ్లకి గాలిలో తేమ ఇంకో చిక్కు.

జంతు ప్రయోగాల కమిటీ అనుమతి వచ్చాకే ఎలుకల్ని తెప్పించండి. 180–220 గ్రాముల విస్టార్ (ప్రయోగశాలల్లో పెంచే తెల్ల జాతి) ఎలుకలు, బోనుకి ఒకటి. వారం రోజులు గదికి అలవాటు పడనివ్వండి. ఆ రోజుల్లోనే గొట్టంతో ఉత్త నీళ్లు పోసి పట్టుకోవడం అలవాటు చేయాలి, లేకపోతే బెదురుకే మేత తగ్గుతుంది. తర్వాత 3 రోజులు మందు లేకుండా మేత, నీళ్లు, బరువు రాసుకోండి.

పెద్ద ఎలుక రోజుకి 15–25 గ్రాములు తింటుంది, అందులో ఎక్కువ భాగం చీకట్లోనే. ఉదయం పదింటికి మందు పోసి సాయంత్రం తూచితే చూసేదేమీ ఉండదు. లైట్లు ఆరడానికి అరగంట ముందు మందు పోయండి. ఆరగానే తూచిన మేత పెట్టి 1, 2, 4, 24 గంటలకి మళ్లీ తూచండి. కరెంటు పోయి వస్తే గదిలో లైట్లు వేసి ఆర్పే టైమర్ గడియారం తప్పి రాత్రి పగలవుతుంది. 2018లో తిత్లీ లాంటి తుఫాను సంగతి సరే, మామూలు కోతకే ఇది జరుగుతుంది. బ్యాటరీ ఉన్న టైమర్ కొనండి.

రైసుమిల్లు ఊక పరిచిన బోనులో రాలిన మేత కనబడదు. కింద ట్రేలో కాగితం వేయండి, లేదా ఊకని జల్లెడ పట్టి ఏరి తూచండి. వానాకాలంలో మేత చెమ్మ పీల్చి బరువెక్కుతుంది. ఎలుక లేని బోనులోనూ 60 గ్రాములు పెట్టి చూడండి. అది 61 అయిందనుకుందాం. ఎలుక బోనులో మిగిలింది 38, రాలింది 2.5, మొత్తం 40.5. దాన్ని 60తో గుణించి 61తో భాగిస్తే 39.8. అంటే తిన్నది 20.2 గ్రాములు. చెమ్మ లెక్కలోకి తీసుకోకపోతే 19.5 అని రాసేవారు. చిన్న మోతాదు మందు చూపించే తేడా ఒక్కోసారి అంతే ఉంటుంది!

కొవ్వు మేతలో గ్రాములు చూస్తే మోసపోతాం. మామూలు మేత గ్రాముకి సుమారు 3 కిలోకేలరీలు, 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేతకి 5.2. ఎలుక 20 గ్రాముల నుంచి 12కి దిగినా కేలరీలు 60, 62. తగ్గిందేమీ లేదు. మన దగ్గర చాలామంది వనస్పతి, కొబ్బరినూనె 3:1 పాళ్లలో కలిపి నోట్లో పోస్తారు. ఆ కేలరీలు కూడా కలపాలి, ఎందుకంటే ఎలుక ఆ మేరకు మేత తగ్గించేస్తుంది. కొవ్వు మేత ఎండాకాలంలో ముక్కిపోతుంది. ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజులకోసారి మార్చండి.

ఇక అసలు ప్రశ్న. ఎలుకకి వాంతి రాదు. కడుపులో తిప్పితే మట్టి తింటుంది. అందుకే పక్కన కేయోలిన్ (తెల్ల బంకమట్టి) బిళ్లలు తూచి పెట్టండి. షుగరుకి, బరువు తగ్గడానికి వాడే లిరాగ్లూటైడ్ లాంటి మందులు మేత తగ్గిస్తూనే కేయోలిన్ తినడం పెంచుతాయి. నీళ్లు కూడా తూచాలి, తాగడం మానేసిన ఎలుక ఒక్క రాత్రిలో బరువు దిగుతుంది. బరువు తగ్గడం మందు వల్లా, తిండి తగ్గడం వల్లా అని తేల్చడానికి ఇంకో గుంపు కావాలి: మందు పోసిన ఎలుక నిన్న ఎంత తిన్నదో వీటికి ఇవాళ అంతే పెట్టాలి. బరువు రెండింట్లో సమానంగా తగ్గితే దానికి కారణం తిండే.

మానసిక జబ్బులకి వాడే ఓలాంజపిన్‌తో బరువు పెంచాలనుకుంటే ఆడ ఎలుకల్నే తీసుకోండి, మగవాటిలో సాధారణంగా పెరగదు. ఏ గుంపులోనైనా మొదటి బరువులో 20 శాతం పోయిన ఎలుకని ప్రయోగం నుంచి తీసేసి పశువైద్యుడికి చూపించండి.