నావికుడైన పూర్వీకుణ్ణి కాగితం మీద నిలబెట్టడం ఎలా?

మా మామగారు అమెరికన్. వాళ్ల తాతగారి తాత 1812 యుద్ధంలో, అంటే అమెరికా బ్రిటన్‌తో చేసిన యుద్ధంలో, నౌకాదళంలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ మాటకు రుజువులు వెతికి, అలాంటి పూర్వీకుల వంశస్థులను చేర్చుకునే వారసత్వ సంఘానికి దరఖాస్తు తయారుచేసే పని కోడలినైన నా నెత్తిన పడింది. మీకూ అలాంటి బాధ్యత వస్తే, ఇలా చేయండి.

ముందు ఏ సంఘమో తేల్చుకోండి. ఒక్కోదానిదీ ఒక్కో లెక్క. 1783లో పుట్టిన సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి అమెరికా స్వాతంత్ర్యం కోసం జరిగిన విప్లవయుద్ధపు సైనిక, నౌకా అధికారుల వంశాలది. సాధారణంగా ఒక అధికారి తరఫున ఒక్క వారసుడికే చోటు. డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ ఆడవాళ్లది, మామూలు నావికుడి వంశమైనా చాలు. 1890లో బోస్టన్‌లో మొదలైన నేవల్ ఆర్డర్ నౌకాదళంలో పనిచేసినవాళ్లనూ తీసుకుంటుంది. 1812 యుద్ధంలో పనిచేసినవాళ్ల వంశస్థులకు మగవారి సంఘం వేరు, ఆడవారిది వేరు. పూర్వీకుడి తమ్ముడి సంతతిమంటే చాలాచోట్ల కుదరదు, నేరుగా దిగి రావాలి.

వెతుకులాట మాత్రం ఆ పూర్వీకుడి దగ్గర మొదలుపెట్టకండి. దరఖాస్తుదారు జనన పత్రం నుంచి తరం తరం వెనక్కి వెళ్లండి. చిక్కంతా మధ్య తరాల్లోనే. అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లోని స్వేచ్ఛాపౌరులందరి పేర్లూ రాయడం 1850లోనే మొదలైంది. ఇంటి యజమానికి వాళ్లేమవుతారో 1880 దాకా రాయలేదు. 1890 కాగితాలు దాదాపు అన్నీ పోయాయి, 1921 అగ్నిప్రమాదం పుణ్యమా అని. ఈ ఖాళీల్లో కొడుకెవరో, కూతురెవరో వీలునామాలే చెబుతాయి.

ఇక అసలు గని వితంతువుల పింఛను ఫైళ్లు. 1871 చట్టం 1812 నాటివాళ్లకు, వాళ్ల వితంతువులకు అరవై రోజుల సేవ ఉంటే పింఛను ఇచ్చింది. 1878లో దాన్ని పద్నాలుగు రోజులకు దించి, వితంతువులకు పెళ్లి ఎప్పుడైందన్న షరతూ తీసేశారు. ముసలమ్మలు ఎందరో దరఖాస్తు పెట్టారు. పెళ్లెప్పుడు, ఎక్కడ, పుట్టింటి పేరేమిటి, ఆయన ఏ ఓడలో చేశాడు, అన్నీ ఆవిడే చెప్పి ఉంటుంది. ఈ ఫైళ్లను పాత సైనిక పత్రాలుండే ఫోల్డ్3 సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. నన్నడిగితే ఆయన పేరు కన్నా ఆవిడ పేరు పట్టుకోవడమే మేలు.

సేవకు రుజువు అధికారులకైతే తేలిక. 1798 నుంచి 1893 దాకా వాళ్ల సర్వీసు వివరాలు అమెరికా ప్రభుత్వ పత్రాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఎం330 నంబరు మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయి. కిందిస్థాయి నావికుడైతే ఓడల హాజరుపట్టీలు, జీతాల పట్టీలు తిరగేయాలి. ఓడ పేరు తెలియకపోతే కళ్లు కాయలు కాస్తాయి. అందుకే ముందు పింఛను ఫైలు చూడమన్నది.

వంశచరిత్ర పుస్తకాలను దారి చూపేవిగానే వాడండి. ఆధారం చూపని పుస్తకాన్ని, దరఖాస్తులు పరిశీలించే సంఘం రిజిస్ట్రార్లు పక్కన పెడతారు. ఆ పూర్వీకుడి పేరు మీద ఇంతకుముందే ఎవరైనా చేరారేమో కూడా వాళ్లనే అడగండి, సగం పని తగ్గవచ్చు.

ఇంటి బైబిల్లో పుట్టుకలు, చావులు రాసి ఉంటే ఆ పేజీలతోపాటు ముద్రణ సంవత్సరమున్న మొదటి పేజీ ఫోటో కూడా తీయండి. 1860లో అచ్చయిన పుస్తకంలో 1815 నాటి పెళ్లి ఉందంటే, అది తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినదే. పంపేది మాత్రం నకళ్లే.