ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారు బాడీకి రంగులు, 4వ పాఠం: మాస్క్ ఒలిచే వరుస

ఈసారి నేరుగా రంగు కొట్టడంలోకి దిగుదామనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠం చదివి బాడీ లోపల మాస్క్ (ఆరితే రబ్బరు పొరయ్యే ద్రవం, ఒలిచిన చోటే రంగు పడుతుంది) పూసి, డిజైన్ కోసి, ఆగలేక రంగు కూడా కొట్టేసినవాళ్లు ఫోటోలు పంపారు. నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, ఎక్కడి నుంచి వచ్చినా ఫోటోల్లో జబ్బు ఒక్కటే. గీత దాటి రంగు పక్కకు పాకింది. అడిగిందీ ఒక్కటే: "అన్నా, ఏ కంపెనీ రంగు వాడాలి?"

రంగు మార్చినంత మాత్రాన ఈ జబ్బు పోదు. పాలీకార్బొనేట్‌కు (మన పారదర్శక బాడీల ప్లాస్టిక్, లెక్సాన్ అన్నా ఇదే) పనికొచ్చే రంగు అయితే చాలు, అది ఏ కంపెనీదైనా పాకకుండా కొట్టవచ్చు. బైకులకు కొట్టే రంగును థిన్నర్‌లో కలిపి వాడిన తమ్ముడి సంగతి వేరు. ఆ థిన్నర్ లెక్సాన్‌నే తినేస్తుంది, సన్నని పగుళ్లు వస్తాయి. స్ప్రే డబ్బా కొనేటప్పుడు కూడా చూసుకోండి. టామియా కంపెనీ డబ్బాల్లో పీఎస్ అని ఉన్నవి పాలీకార్బొనేట్‌కు, టీఎస్ అని ఉన్నవి గట్టి స్టైరీన్ ప్లాస్టిక్ బొమ్మలకు. ఆ ఒక్క అక్షరం చూడకుండా కొని తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ముందు ఆ ఫోటోల సంగతి తేల్చుకుందాం.

కొందరిది మాస్క్ ఆరని సమస్య. మూడు నాలుగు పలుచని కోట్లు వేయమని చెప్పాను. ఒకే మందపు కోటు పోసి, తెల్లారి కోసేశారు. మన మే నెల ఎండలో మందంగా పోసిన మాస్క్ పైన వెంటనే తోలు కట్టేస్తుంది, అడుగున పాలలాగే ఉండిపోతుంది. వేలు పెడితే ఆరినట్టే ఉంటుంది కాబట్టి వేలిని నమ్మొద్దు, రంగును చూడండి. తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండే మాస్క్ ఆరితే గాజులా తేలిపోతుంది. బానెట్ మీద పలుచగా ఉంటుంది కనుక త్వరగా తేలుతుంది. బంపర్ మూలల్లో, లైట్ల గుంటల్లో నిలబడిపోయి చాలాసేపు తెల్లగా ఉంటుంది. ఆ తెల్లమచ్చ ఉన్నంతసేపు కత్తి ముట్టొద్దు. కోటుకూ కోటుకూ మధ్య హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, ఒకచోట నిలపకుండా ఆడిస్తే సరిపోతుంది. చివరి కోటు మాత్రం రాత్రంతా వదిలేయండి. వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది.

మందం చాలిందో లేదో తెలుసుకోవడానికి, ఎలాగూ కోసి పారేసే అంచు దగ్గర చిన్న ముక్క ఒలిచి చూడండి. రబ్బరు పొరలా సాగుతూ ఒకే ముక్కగా రావాలి. పిసరు పిసరుగా తెగితే ఇంకో కోటు వేయండి, ఉన్నది తీయాల్సిన పని లేదు. నేను బ్రష్ వాడను. బ్రష్ గీతలు మిగులుతాయి, గీతల మధ్య పలుచనైన చోట మాస్క్ చిరుగుతుంది. స్పాంజి ముక్కతో అద్దుతాను. బ్రష్షే ఇష్టమైతే ముందు వెంట్రుకలను గిన్నెల సోపు నీళ్లలో ముంచి పిండండి, పని కాగానే కడగండి. లేకపోతే ఆ బ్రష్ మళ్లీ పనికి రాదు.

ఇంకొందరు పంపినవి అసలు పాకిన రంగే కాదు, నీటి మచ్చలు. బాడీని సోపుతో కడిగి బోరు నీళ్లతో జాడించి ఆరబెట్టారు. మన నల్గొండ వైపు బోరు నీళ్లు ఎంత కఠినమో మీ ఇంటి స్టీలు బిందె అడుగు చూస్తే తెలుస్తుంది. చుక్క ఆరిన చోట ఉప్పు మిగిలిపోతుంది, రంగు కొట్టాక బయటి నుంచి ఆ మచ్చ తెల్లగా కనబడుతూనే ఉంటుంది. ఆఖరిసారి జాడించేటప్పుడు మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు వాడి, నూలు రాలని బట్టతో తుడవండి. మిర్యాలగూడవాళ్లకు ఇంకో మాట. రైస్ మిల్లుల దుమ్ము వచ్చే వీధిలో ఉంటే మాస్క్ పూసే గది కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, నేలను తడిబట్టతో తుడిచాకే డబ్బా మూత తీయండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయానికి వద్దాం. కత్తి.

పోయిన పాఠంలో "మాస్క్ తెగితే చాలు, ప్లాస్టిక్ తెగకూడదు" అని ఒక్క వాక్యంలో చెప్పాను. దాన్ని అందరూ దాటేసి వెళ్లిపోయారు. అందుకే ఈసారి తీరిగ్గా చెప్తున్నా, జర ఓపికగా చదవండి.

కత్తి మాస్క్ దాటి లెక్సాన్‌లోకి దిగితే అక్కడ సన్నని గాడి పడుతుంది. కంటికి కనబడదు గానీ రంగుకు అదే దారి. తడి రంగు ఆ గాడిలో దిగి, మాస్క్ అంచు కిందికి జారి, పక్క భాగంలోకి పాకుతుంది. మీరు పంపిన ఫోటోల్లో ఎక్కువ భాగం ఇదే. నమ్మకపోతే పాకిన చోటును పెద్దది చేసి చూడండి. ముందు కత్తి గీత వెంట సన్నటి నల్లటి దారం, దాని పక్కనే మరక. మాస్క్ అంటుకోక పాకితే మరక ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, ఇలా గీత వెంట వరుసగా ఉండదు.

రెండో నష్టం చూపుకు సంబంధించినది. బాడీకి లోపల రంగు కొడతాం కానీ చూసేది బయటి నుంచి. గాడి మీద వెలుతురు పడితే తెల్ల వెంట్రుకలా మెరుస్తుంది, నలుపు మీద ఇంకా బాగా కనబడుతుంది. తర్వాత ఎన్ని కోట్లు కొట్టినా పోదు.

మూడోది బలం. అమెరికా కంపెనీ జీఈలో డేనియల్ ఫాక్స్, జర్మనీ కంపెనీ బేయర్‌లో హెర్మన్ ష్నెల్ 1953లో విడివిడిగా కనిపెట్టిన ఈ పాలీకార్బొనేట్ మడిచినా విరగదు, గోడకు గుద్దినా వంగి తిరిగి లేస్తుంది. కానీ ఒక గీత పడితే ఆ దెబ్బంతా ఆ గీత మీదే పడుతుంది. మన 1/10 సైజు (అసలు కారులో పదో వంతు) బాడీల మందం మామూలుగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందులో కొంత మీరే కోసేస్తే మిగిలేదెంత? బాడీని నిలబెట్టే పోస్టు రంధ్రం దగ్గర, చక్రం కోత దగ్గర గీత పడిందంటే మొదటి గట్టి దెబ్బకే మీ మంట డిజైన్ అంచు వెంటే చీలుతుంది. పైగా "బాడీ క్వాలిటీ బాగా లేదు" అని మళ్లీ ఫిర్యాదు.

చెయ్యి ఎందుకు నొక్కుకుపోతుంది? బ్లేడు మొద్దుబారింది కాబట్టి. మొద్దు బ్లేడు మాస్క్‌ను కోయదు, లాగుతుంది. లాగుతోంది కదా అని మీరు నొక్కుతారు. డిజైన్‌కు ఒక కొత్త బ్లేడు పెట్టుకోండి, పెద్ద డిజైన్ అయితే మధ్యలోనే మార్చండి. ఖరీదైన హాబీ కత్తి దొరకలేదని కొందరు బెంగ పెట్టుకున్నారు. సర్జికల్ సామాను అమ్మే షాపులో 11 నంబర్ బ్లేడు, దానికి సరిపోయే 3 నంబర్ హ్యాండిల్ అడగండి. నేను వాడేది అదే. ఏ హాబీ కత్తికీ తీసిపోదు.

పట్టు పెన్సిల్ పట్టే. కత్తి బరువు తప్ప చేతి బరువు పడకూడదు. బ్లేడును నిలువుగా పెట్టకుండా బాగా వాల్చండి, మొన కాకుండా అంచు కోస్తుంది. వంపు వస్తే మణికట్టు తిప్పొద్దు, బాడీని తిప్పండి. కోణాల దగ్గర బయటి నుంచి మూలకు వస్తే కత్తి దాటిపోయి సిలువ గుర్తు పడుతుంది. మూలలో మొన పెట్టి, అక్కడి నుంచి బయటికి ఒక గీత, మళ్లీ మూలకే వచ్చి ఇంకో గీత. ఒక్కసారిలో తెగకపోతే అదే గీతలో ఇంకోసారి తేలికగా పోనివ్వండి.

పరీక్ష ఇలా. చిన్న ముక్క ఒలిచి, గీతకు అడ్డంగా గోరు లాగండి. గోరు తట్టుకోకపోతే మీరు పాసు. ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టి వాల్చి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వేడి సూదితో గీస్తే నొక్కే పని ఉండదు కదా అని ఒకరు అడిగారు. వద్దు. మాస్క్ కరిగి అంచుకు ముద్ద కడుతుంది, కింద ప్లాస్టిక్ కూడా మెత్తబడుతుంది.

ఇప్పటికే గాడి పడిన బాడీని పారేయకండి. దానికి మందు ముందుంది.

ఇక అసలు పాఠం. పోచంపల్లి నేతలో దారాన్ని కట్టి రంగులో ముంచితే కట్టిన చోట రంగు ఎక్కదు, లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. మన పని కూడా అలాంటిదే, వరుస మాత్రం తిరగబడుతుంది. మనది ముదురు ముందు, లేత తర్వాత. ఎందుకంటే మనం ముందు కొట్టిన రంగే బయటికి పైన కనబడుతుంది, తర్వాత కొట్టినదంతా దాని వెనక దాక్కుంటుంది.

ఎరుపు బాడీ మీద పసుపు మంట, మంటకు నల్ల అంచు అనుకుందాం. కోతలన్నీ ముందే పూర్తయ్యాయి. మొదట నల్ల అంచు మాస్క్ మాత్రమే ఒలిచి నలుపు కొడతారు. ఆరాక ఎరుపు భాగం ఒలిచి ఎరుపు కొడతారు. ఆ ఎరుపు నల్ల అంచు వెనక కూడా పడుతుంది, పడనీయండి, బయటికి నలుపే కనబడుతుంది. చివరగా మంట ఒలిచి పసుపు. ఇదే తిరగేసి పసుపు ముందు కొట్టారనుకోండి, తర్వాత వచ్చిన నలుపు పసుపు వెనక పడి పసుపు బురద రంగుకు తిరుగుతుంది. పసుపు పొర పలుచన, వెనక ఏముంటే అది తొంగి చూస్తుంది. పసుపు అయ్యాక దాని వెనక తెలుపు కొడితే అసలు రంగు తేలుతుంది.

ఫ్లోరసెంట్ రంగులకు తెలుపు తప్పనిసరి. అద్దం లాంటి పారదర్శక రంగులకు వెనక వెండి రంగు.

అక్షరాల గురించి ఒక మాట. లోపలి వైపు నుంచి చూస్తే అన్నీ తిరగబడి కనబడతాయి. పాలమూరు అని లోపల నేరుగా రాసి కోసుకున్న పెద్దమనిషి బయటికి ఏం చదువుకుంటున్నాడో ఫోటోలో చూశాను. డిజైన్ ఎప్పుడూ బాడీ బయట అంటుకుని వచ్చే పల్చటి ఫిల్మ్ మీద మార్కర్‌తో గీయండి, లోపల దాన్ని చూసుకుంటూ కోయండి. కోసేటప్పుడు కన్ను గీతకు నిటారుగా ఉండాలి. పక్కనుంచి చూస్తే ప్లాస్టిక్ మందమంత గీత జరుగుతుంది.

కొట్టే పద్ధతి. ఎయిర్‌బ్రష్ గన్‌కు 0.3 లేదా 0.5 మిల్లీమీటర్ల నాజిల్, గాలి ఒత్తిడి 20 నుంచి 25 పీఎస్‌ఐ. మొదటి పని రంగు కాదు, అదే రకంలో రంగు లేని క్లియర్. ఒలిచిన భాగం అంచుల వెంట పలుచగా ఒక పొర పోనిచ్చి ఆరనివ్వండి. మాస్క్ అంచు కింద ఏ సందు ఉన్నా, కత్తి గాడి ఉన్నా, అందులోకి పాకేది క్లియరే, కనబడదు. ఆ తర్వాత వచ్చే రంగుకు దారి మూసుకుపోతుంది. ఇందాక చెప్పిన మందు ఇదే. గాడి మెరుపు పోదు కానీ పాకడం ఆగుతుంది. తర్వాత రంగు, పొగలాంటి పలుచని కోట్లుగా. మాస్క్ అంచులోకి గురిపెట్టి కొట్టకండి, అంచు మీద నుంచి లోపలి వైపుకు గన్ సాగాలి. మొదటి రెండు కోట్లలో అటువైపు కనబడుతూనే ఉండాలి. తడిగా మెరిసిందంటే ఎక్కువ కొట్టినట్టే. నీటి రంగులైతే ప్రతి కోటునూ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. డబ్బా రంగులు, సాల్వెంట్ రంగులు అయితే ముక్కుకు మాస్క్, తెరిచిన తలుపు, వంటింటికి దూరం.

ఒలవడంలో తొందర వద్దు. రంగు ఆరాక, అంచు మీద పొర అతుక్కుని వంతెన కట్టి ఉంటే కత్తితో ఆ రంగును మాత్రం తాకించి విడదీయండి. టూత్‌పిక్‌తో మూల లేపి, ట్వీజర్‌తో పట్టి, పైకి కాకుండా వెనక్కి మడిచి మెల్లగా లాగండి. లేవకపోతే టేపు ముక్క అంటించి లాగితే వస్తుంది. ఇంకో మాట: మాస్క్ పూసి నెలల తరబడి వదిలేస్తే గట్టిగా పట్టేసుకుంటుంది. ఆదివారం పూసి వచ్చే పండక్కి కొడదామంటే కుదరదు. కిటికీ అద్దాల మాస్క్ మాత్రం అన్నీ అయ్యాకే, చివరగా.

అభ్యాసం. కొత్త బాడీ మీద చేయొద్దు. చక్రాల కోతలో తీసేసిన లెక్సాన్ ముక్కలుంటే మంచిది, లేకపోతే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా కోసి తీసుకోండి. అది పాలీకార్బొనేట్ కాదు, మెత్తన, కానీ కత్తి నొక్కితే గుర్తు వెంటనే పట్టిస్తుంది. దానిమీద మాస్క్ పూసి, ఆరాక, ఒక మిల్లీమీటరు వెడల్పున్న పది పట్టీలు, పక్కపక్కనే, వంకర వంకరగా కోయండి. ఒకటి విడిచి ఒకటి ఒలిచి నలుపు కొట్టండి. మిగిలిన ఐదు ఒలిచి తెలుపు కొట్టండి. ఒక్క చోట కూడా రంగు దాటకూడదు, గోరు ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే ముక్క పారేసి మళ్లీ. ఇది రెండుసార్లు వరుసగా సరిగ్గా వచ్చేదాకా మంట డిజైన్ జోలికి పోవద్దు. ఫోటో పంపేటప్పుడు ట్యూబ్‌లైట్ వెలుతురులో వాల్చి తీయండి, పైనుంచి తీసిన ఫోటోలో గాడి కనబడదు.

వచ్చే పాఠం రంగు నుంచి రంగుకు కలిపే షేడింగ్. దానికి రెండు ముదురు రంగులు, ఒక లేత రంగు సిద్ధం పెట్టుకోండి. పట్టీల పరీక్ష పాసైనవాళ్లకే పనికొస్తుంది.