వీడు చూసి నేర్చుకునే రకమా?

"వీడు చూసి నేర్చుకునే రకం, ఆ పాప విని నేర్చుకునే రకం" అని ముద్ర వేయకండి. పిల్లల్ని అలా విడదీసి పాఠం చెబితే మేలని నిరూపించే గట్టి ఆధారాలు లేవని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తల సమీక్షలో తేలింది. అందరికీ ఒకే విషయాన్ని రెండు మూడు రకాలుగా అందించడమే నయం.

భిన్నాలే తీసుకోండి. 1/3 కన్నా 1/4 పెద్దదనే పిల్లలు చాలామందే, మూడు కన్నా నాలుగు పెద్దది కదా! ఒకే సైజు కాగితాలు రెండిచ్చి, ఒకదాన్ని మూడు, ఇంకోదాన్ని నాలుగు సమాన భాగాలుగా మడత పెట్టించండి. (మూడు మడతలు సమానంగా రావడం పెద్దవాళ్లకే కష్టం, కాస్త ఓపిక పట్టాలి.) ఒక్కో భాగం కత్తిరించి పక్కపక్కన పెట్టాక, అవే సంఖ్యారేఖ మీద గుర్తించమనండి. తర్వాత పక్కవాళ్లకు సొంత మాటల్లో చెప్పమనండి. ఎక్కడ నసిగితే అక్కడే అర్థం కాలేదన్నమాట.