కొండ నడకకు ముందు బ్యాగు పట్టీలు సరిచేసుకోండి

నాలుగైదు రోజుల కొండ నడకకు బయలుదేరేవారు బూట్లు చూసుకుంటారు, టార్చి బ్యాటరీలు చూసుకుంటారు. బ్యాగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, కొన్నప్పుడు ఒకసారి తగిలించుకుని చూశాం కదా అని వదిలేస్తారు. ఖాళీ బ్యాగు ఎవరికైనా హాయిగానే ఉంటుంది. కనీసం వారం ముందు, మోయబోయే సామానంతా సర్ది చూసుకోండి. బరువైనవి వీపుకు ఆనుకుని మధ్యలో ఉండాలి.

ముందు వీపు పొడవు కొలవాలి. తల వంచితే మెడ అడుగున ఒక ఎముక బొడిపెలా చేతికి తగులుతుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల పైఅంచు ఎత్తు దాకా ఎవరిచేతనైనా టేపుతో కొలిపించుకోండి. బ్యాగు సైజు తేల్చేది ఈ కొలతే. మనిషి పొడగరి అయినా వీపు పొట్టిగా ఉండవచ్చు.

పట్టీలు బిగించడానికి ఒక వరుస ఉంది. అన్నీ వదులు చేసి బ్యాగు వేసుకోండి. మొదట నడుము పట్టీ. పేరుకు నడుము పట్టీయే గానీ, అది కూర్చోవలసింది తుంటి ఎముకల మీద. పొట్ట మీదికి ఎక్కితే ఊపిరి ఆడదు, కిందికి జారితే అడుగడుగునా తొడలకు అడ్డుపడుతుంది. తర్వాత భుజం పట్టీలను బ్యాగు వీపుకు ఆనేంత వరకే లాగండి. భుజాల మీది నుంచి బ్యాగు పైభాగానికి వెళ్లే చిన్న పట్టీలు సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటే బ్యాగు వెనక్కి వేలాడదు. చివరగా ఛాతీ పట్టీ, నిండుగా ఊపిరి పీల్చినా పట్టేయనంత వదులుగా.

ఇప్పుడు భుజం పట్టీ కింద రెండు వేళ్లు దూర్చండి. నేను ప్రతిసారీ ఇలాగే చూసుకుంటాను. వేళ్లు సులువుగా కదిలితే బరువు చాలావరకు తుంటి మీదికి దిగినట్టే. నలిగితే నడుము పట్టీ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ బరువుతో అరగంట మెట్లెక్కి దిగి, బ్యాగు తీసి, భుజాలు అద్దంలో చూసుకోండి. ఎర్రని చారలుంటే అక్కడ ఒత్తిడి పడుతున్నట్టు. చేతివేళ్లు తిమ్మిరెక్కుతుంటే అలవాటవుతుందిలే అని ఓర్చుకోకండి. పట్టీ నరాలను నొక్కుతూ ఉండవచ్చు, వెంటనే వదులు చేయండి.

దారిలో వాగు దాటవలసి వస్తే, నీటిలో అడుగు పెట్టకముందే నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పేయండి. కాలు జారితే బ్యాగును తక్షణం వదిలించుకోగలగాలి. కట్టుకుని ఉన్న బ్యాగు ప్రవాహంలో మనిషిని లేవనివ్వదు. అవతలి గట్టు ఎక్కాక పట్టీలను మళ్లీ అదే వరుసలో బిగించుకోండి.