గన్‌ప్లా పాఠాలు, మూడో భాగం: గేటు కోత

పోయిన పాఠంలో గన్‌ప్లా (గండమ్ యంత్రాల ప్లాస్టిక్ బొమ్మల కిట్) మాన్యువల్ చదవడం అయింది. ఏ-7 అని ఉంటే ‘ఏ’ రన్నర్ (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీది 7వ ముక్క అని ఇప్పుడు తెలుసు. ఈసారి ఆ ముక్కను రన్నర్ నుంచి తెల్లమచ్చ పడకుండా విడదీద్దాం.

సాధనకు 1/144 కొలతలో హెచ్‌జీ (హై గ్రేడ్) రకం ఆర్‌ఎక్స్-78-2 కిట్ చాలు. 1979లో జపాన్ టీవీలో మొదలైన ‘మొబైల్ సూట్ గండమ్’ సీరియల్లో పదిహేనేళ్ల అమురో రే నడిపే యంత్రం అదే. (పేరు మన ‘గండం’లాగే వినిపిస్తుంది. కోత తప్పితే ముక్కకు నిజంగానే గండం.) కథలో దాని ఎత్తు 18 మీటర్లు, మన చేతిలో 12.5 సెంటీమీటర్లు. అంటే మీరు వదిలేసిన ఒక మిల్లీమీటరు మచ్చ అసలు యంత్రం మీద 14 సెంటీమీటర్ల గాయం.

ముక్కను రన్నర్‌కు పట్టి ఉంచే సన్నని కాడే గేటు. దాన్ని మొదటిసారే ముక్కకు ఆనించి కోసేయాలనిపిస్తుంది. అక్కడే పని చెడుతుంది. నిప్పర్ (గేట్లు కోసే చిన్న కటింగ్ పట్టకారు) పళ్లు ఆకు కోసినట్టు కోయవు, మేకు దిగినట్టు రెండు పక్కలకూ తోస్తూ దిగుతాయి. రన్నర్ బిగుసుకుని కదలదు కాబట్టి ఆ తోపు అంతా ముక్క మీదే పడుతుంది. పాలీస్టైరీన్ లోపల కంటికి కనపడనంత సన్నగా చిట్లి, ఆ చిట్లిన చోట వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. తెల్ల ముక్కల్లో ఇది దాక్కుంటుంది. ఎర్రటి డాలు, నీలం ఛాతీ ముక్క మీద మాత్రం సున్నం చుక్కలా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

అందుకే రెండు కోతలు. మొదటిది ముక్కకు 3 మిల్లీమీటర్ల దూరంలో, అన్ని గేట్లకూ. ముక్క ఊడి చేతిలోకి వస్తుంది. ఇప్పుడు ముక్కకు మిగిలిన గేటు మొలక అవతలి కొన ఖాళీ. నిప్పర్ తోస్తే అదే పక్కకు జరుగుతుంది, ముక్క మీద ఒత్తిడి పడదు. నిప్పర్ చదును వైపు ముక్క వైపుకు పెట్టి, అర మిల్లీమీటరు మిగిల్చి రెండో కోత వేయండి. మెల్లగా నొక్కాలి, మెలి తిప్పకూడదు. ఒంటి పదును నిప్పర్ (ఒక పన్నుకే పదును ఉండేది) ఉంటే దాన్ని ఈ రెండో కోతకే దాచుకోండి, లావు రన్నర్ మీద పెడితే పదును పెచ్చు ఊడుతుంది. కరెంటు పనికి వాడే కటింగ్ ప్లేయర్ అసలు వద్దు. దాని పళ్లు రెండు వైపులా ఏటవాలుగా ఉంటాయి, కోయడం కంటే నలపడమే ఎక్కువ.

మిగిలిన అర మిల్లీమీటరును గరుకు కాగితంతో తీయాలి. హార్డ్‌వేర్ షాపులో ‘వాటర్ పేపర్’ అని అడిగితే ఇస్తారు. 400 నంబరు పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మొలక మట్టం చేసి, 600, 800, 1000 వరుసలో గీతలు పోగొట్టండి. 400 నుంచి ఒకేసారి 1000కి దూకితే లోతు గీతలు అలాగే ఉండిపోతాయి. పేపర్‌ను వేలితో నొక్కితే మచ్చ చుట్టూ గుంట పడుతుంది. ఐస్‌క్రీమ్ పుల్లకు అంటించి రుద్దితే తలం చదునుగా వస్తుంది. పేపర్‌ను కొంచెం తడి చేస్తే రాలిన పొడి దాన్ని పూడ్చేయదు.

అప్పటికీ లేత తెల్లదనం మిగిలితే బొటనవేలి గోరుతో గట్టిగా రుద్దండి, చాలావరకు రంగు కలిసిపోతుంది. బీమ్ సేబర్ (యంత్రం పట్టే వెలుగు కత్తి) లాంటి పారదర్శక ముక్కల మీద ఈ చిట్కా పారదు, తెల్లబడితే తెల్లబడినట్టే. వాటికి రెండో కోతలో ఒక మిల్లీమీటరు వదిలి, మిగతాదంతా పేపర్‌తోనే తీయాలి.

కొన్ని కిట్లలో గేటు ముక్క అంచుకు కాకుండా అతుకు ముఖం (రెండు సగాలు కలిసే వైపు) కిందకు దిగి ఉంటుంది. మచ్చ బయటికి కనపడదని అలాగే వదిలేస్తే రెండు సగాలు మూతపడవు, వెంట్రుక మందం సందు మిగులుతుంది. బిగించే ముందు అతుకు ముఖం మీద గోరు పోనిచ్చి చూడండి, తగిలితే ఇంకా ఉన్నట్టే.

తల మీది ‘వి’ కొమ్ముల చివర చిన్న దిమ్మలు కనిపిస్తాయి. అవి గేటు మొలకలు కావు, పిల్లలకు గుచ్చుకోకుండా కంపెనీ కావాలనే పెట్టినవి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముట్టుకోవద్దు. లేకపోతే 600తో అరగదీయవచ్చు, రుద్దే చోటికి దగ్గరగా పట్టుకోకపోతే కొమ్ము విరుగుతుంది.

వచ్చే పాఠానికి రెండు కాళ్లూ కోసి, రుద్ది ఉంచండి. మొదటి కాలు రన్నర్ చట్రం మీద పదిసార్లు కోసి చూశాకే.